మామయ్య మాటలో నిజం ఉంది, అయినా సీటు వదులుకోకు

ప్రశ్న: మేడమ్‌కు నమస్కారం. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ దగ్గర పల్లె. నాన్నకు మూడెకరాల చేను ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. నీట్ రెండుసార్లు రాసినా రాలేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పూర్తి చేశాను. ఈసారి సీపీగెట్ రాస్తే ఉస్మానియా క్యాంపస్‌లో ఎమ్మెస్సీ బోటనీ సీటు వచ్చింది. నాన్న సరే అంటున్నాడు. మేనమామ మాత్రం "చెట్ల చదువు చదివి ఏం చేస్తవ్? బీఈడీ చెయ్, టీచర్ నౌకరన్నా వస్తది" అంటున్నాడు. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి ప్రైవేటు యూనివర్సిటీలో బయోటెక్నాలజీలో చేరుతోంది, నన్నూ రమ్మంటోంది. అక్కడ ఫీజు లక్షల్లో ఉంది. డిగ్రీలో మాకు ప్రాక్టికల్స్ సరిగా జరగలేదు, మైక్రోస్కోపు నా చేత్తో నేను ఫోకస్ చేసింది లేదు. అంత పెద్ద యూనివర్సిటీలో నన్నెవరు పట్టించుకుంటారు? ఇంగ్లీషులో పాఠాలు అర్థమవుతాయా? అసలు బోటనీకి ఉద్యోగాలున్నాయా? రాత్రిళ్ళు ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా,

సీటు తీసుకో. రిపోర్టింగ్ గడువులు ఎవరి కోసమూ ఆగవు కాబట్టి ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. ఎందుకు తీసుకోమంటున్నానో, చేరాక ఏం చేయకపోతే రెండేళ్ళూ గాలికి పోతాయో ఆ తర్వాత నింపాదిగా చదువుకో.

మీ మామయ్య మీద కోపం తెచ్చుకోకు. ఎమ్మెస్సీ పట్టా చేతపట్టుకుని కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగేవాళ్ళను ఆయన చూసుంటాడు. బీఈడీ చేసి డీఎస్సీ కొట్టి సొంత మండలంలో పోస్టింగ్ తెచ్చుకున్నవాళ్ళనూ చూసుంటాడు. ఆయన లెక్క ఆయనకుంది. కానీ ఆ లెక్కలో ఒక సంగతి వదిలేశాడు. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ ఏటా వస్తుంది, బీఈడీ ఎక్కడికీ పోదు. ఎమ్మెస్సీ అయ్యాక బీఈడీ చేస్తే స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఒక్కటే కాదు, గురుకులాల్లో పీజీటీ (పీజీ టీచర్), జూనియర్ లెక్చరర్ పోస్టులకూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాటికి పీజీ, బీఈడీ రెండూ అడుగుతారు. ఇప్పుడు బీఈడీలో చేరి తర్వాత ఎమ్మెస్సీ చేద్దామనుకుంటే, అప్పటికి ఇంట్లో పెళ్ళి మాటలు మొదలవుతాయి. నేను పాఠాలు చెప్పిన ఆడపిల్లల్లో "తర్వాత చేస్తాను మేడమ్" అన్నవాళ్ళు చాలామందే. తిరిగొచ్చి నిజంగా చేసినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ముందు పీజీ, ఆ తర్వాత కావాలంటే బీఈడీ.

ప్రైవేటు బయోటెక్నాలజీ గురించి ఎక్కువ చెప్పను. మూడెకరాల చేనున్న ఇంట్లో లక్షల అప్పు తెచ్చి చదవాల్సిన సబ్జెక్టు కాదది. బయోటెక్నాలజీలో మంచి ఉద్యోగాలు పెద్ద సంస్థల్లో పీహెచ్‌డీ చేసినవాళ్ళకో, ల్యాబులో చేయి తిరిగినవాళ్ళకో వెళ్తాయి. ఆ చేయి తిరగడం ఫీజు కట్టినంత మాత్రాన రాదు. టిష్యూ కల్చర్, మాలిక్యులర్ బయాలజీ బోటనీ ఎమ్మెస్సీలోనూ ఉంటాయి. పైగా హైదరాబాద్‌లో ఉండటమే ఒక లాభం. బోడుప్పల్‌లో సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రం, రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల సంస్థ, జాతీయ మొక్కల జన్యువనరుల బ్యూరో ప్రాంతీయ కేంద్రం, హబ్సిగూడలో కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్నాయి. ఇక్రిశాట్ విత్తన బ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి పంటలవి లక్షకు పైగా రకాలు చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు కోసం ఇలాంటి చోట్లకు ఉత్తరం రాసే వీలు నీకుంటుంది. రాయడమంటే ఆఖరి నెలలో కాదు, ఆరు నెలల ముందే. ఫలానా పని వచ్చు అని చెప్పుకోగలిగిన స్థితిలో రాయాలి.

ఇక నీ అసలు భయం దగ్గరికి వద్దాం. "నన్నెవరు పట్టించుకుంటారు?" అన్నావు. నిజం చెప్పాలంటే ఎవరూ పట్టించుకోరు. 1918లో మొదలైన విశ్వవిద్యాలయం, వెయ్యి ఎకరాలు దాటిన క్యాంపస్. మీ డిగ్రీ కాలేజీలో రెండు రోజులు రాకపోతే మేడం ఫోన్ చేసి అడిగుంటుంది. ఇక్కడ నెల రోజులు కనిపించకపోయినా అడిగేవాళ్ళుండరు, స్కాలర్‌షిప్ దగ్గర హాజరు 75 శాతం లేదని తేలినప్పుడే తెలుస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు చాలా ఖాళీగా ఉన్న మాట అందరికీ తెలిసిందే. ఉన్నవాళ్ళ మీద క్లాసులు, పరీక్షలు, పరిపాలన పనులు అన్నీ పడతాయి. వాళ్ళు నిన్ను వెతుక్కుంటూ రారు, నువ్వే వెళ్ళాలి.

ఎలా వెళ్ళాలన్నది ముఖ్యం. "సార్, ఒక డౌటు" అని ఉత్త చేతులతో వెళ్తే "తర్వాత రామ్మా" అంటారు, తప్పు పట్టలేం. ఒక కొమ్మ తీసుకుని వెళ్ళు. పువ్వు విప్పి చూసి, కేసరాలు లెక్కపెట్టి, ఏ కుటుంబమో నీకు తోచింది కాగితం మీద రాసి, "ఇక్కడిదాకా వచ్చాను సార్, ఇక్కడ ఆగిపోయాను" అను. బోటనీ చదివిన ఏ మనిషైనా కొమ్మ చూస్తే చేయి చాపకుండా ఉండలేడు. తర్వాతిసారి నీ పేరు గుర్తుంటుంది.

రీసెర్చ్ స్కాలర్లతో పరిచయం పెంచుకో. పెద్ద యూనివర్సిటీలో పరికరాల మీద పని నేర్పేది చాలావరకు వాళ్ళే. గాజు సామాను కడగడానికో, ఫీల్డుకు వెళ్ళినప్పుడు పాత పేపర్ల కట్ట మోయడానికో ఒక మనిషి కావాలి వాళ్ళకు. ఆ మనిషి నువ్వవు. అలాగే గార్డెన్‌లో పనిచేసే మాలితో రెండు మాటలు మాట్లాడుతూ ఉండు. ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో ఆయనకు తెలిసినంత మనలో చాలామందికి తెలియదు.

ఇంకో హెచ్చరిక. క్యాంపస్ రీడింగ్ రూముల్లో కూర్చున్నవాళ్ళలో సగానికి సగం గ్రూప్స్‌కు చదివేవాళ్ళే ఉంటారు. వాళ్ళ మధ్య కూర్చుంటే నెల తిరక్కుండా నీకూ కరెంట్ అఫైర్స్ జబ్బు పట్టుకుంటుంది. పోటీ పరీక్షలు తప్పని నేను అనను. మొదటి ఏడాదిలో మాత్రం వద్దు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఎమ్మెస్సీని రెండో తరగతి మార్కులతో గట్టెక్కించినవాళ్ళు, డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్‌లో 55 శాతం అన్న గీత చూసి తల పట్టుకోవడం నాకు తెలుసు.

ప్రాక్టికల్స్ రాలేదన్న బెంగ వద్దు, అది పూడ్చుకోగలిగిన లోటు. క్లాసులో సగం మంది నీలాగే వస్తారు, పైకి చెప్పరంతే. సెక్షన్ కోయడం ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. కొత్త బ్లేడు, ఒక క్యారెట్, మీ గట్టు మీది అటికమామిడి కాడ ఉంటే చాలు. క్యారెట్ ముక్కను నిలువుగా సగందాకా చీల్చి, ఆ చీలికలో కాడ పెట్టి, రెంటినీ కలిపి ఎడమచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకో. బ్లేడు తడిపి, నీ వైపు ఒక్క ఊపున లాగు. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే ఒకపక్క మందంగా, ఒకపక్క పల్చగా వస్తుంది. పది ఇరవై ముక్కలు కోసి నీళ్ళలో వెయ్యి. వాటిలో కంటికి ఆనీ ఆననట్టుండే పల్చటి ముక్కే మనకు కావాల్సింది. డిపార్ట్‌మెంట్‌లో చేరాక దాన్ని బ్రష్‌తో ఎత్తి సాఫ్రానిన్ అనే ఎర్రరంగులో కాసేపుంచి, నీళ్ళలో కడిగి, స్లైడు మీద గ్లిజరిన్ చుక్కలో పెట్టి, కవర్‌స్లిప్ ఒక అంచు ఆనించి రెండో అంచును సూదితో మెల్లగా దించాలి. దబ్బున వదిలితే గాలి బుడగలొస్తాయి. మైక్రోస్కోపులో ముందు 10ఎక్స్ పెట్టి, పెద్ద మర దాని మీదే తిప్పు. 45ఎక్స్‌కు వచ్చాక చిన్న మర తప్ప ముట్టుకోకు, లెన్స్ వెళ్ళి స్లైడును గుద్దుతుంది.

అటికమామిడే ఎందుకన్నానంటే, దాని కాండంలో నాళికాపుంజాలు (నీళ్ళు, ఆహారం మోసే నాళాల కట్టలు) మూడు వలయాల్లో ఉంటాయి. మధ్యలో రెండు పెద్దవి ఎదురెదురుగా, వాటి చుట్టూ కొన్ని, బయటి వరసలో చిన్నవి చాలా. డిగ్రీ పుస్తకంలో అసంగత ద్వితీయ వృద్ధి (కాండం మామూలుకు భిన్నంగా లావెక్కడం) అని బట్టీ పట్టింది ఇదే. ఎర్రగా రంగెక్కిన దారువు (నీళ్ళు మోసే భాగం) కళ్ళారా కనిపించాక ఆ పాఠం మళ్ళీ చదవక్కర్లేదు.

ఇప్పుడు ఈ ఉత్తరంలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. ఎమ్మెస్సీలో అందరూ తప్పించుకు తిరిగే పేపరు ఒకటుంటుంది, ట్యాక్సానమీ, అంటే మొక్కలను గుర్తుపట్టి వర్గీకరించే శాస్త్రం. గైడు చదివి ఫ్లోరల్ ఫార్ములాలు కంఠస్థం చేసి, స్పాటర్లు (గుర్తుపట్టమని ఇచ్చే నమూనాలు) సీనియర్ల రికార్డు చూసి దించేసి బయటపడతారు. పట్టా చేతికొచ్చాక రోడ్డు పక్క చెట్టు చూపించి "ఇదేంటి?" అంటే నీళ్ళు నములుతారు. నీ చదువంతా ఆ పేపరు చుట్టూ కట్టుకో అంటాను. మాలిక్యులర్ బయాలజీ వచ్చినవాళ్ళు జువాలజీలో, బయోకెమిస్ట్రీలో, జెనెటిక్స్‌లో కూడా ఉన్నారు. మొక్కను చూసి పేరు చెప్పగలిగినవాళ్ళే ఏటికేడాది తగ్గిపోతున్నారు. ఆ కొరతలోనే నీకు చోటుంది.

పైగా నువ్వు వస్తున్నది నల్లమల అంచు నుంచి. నల్లమద్దికీ తెల్లమద్దికీ తేడా నగరంలో పెరిగిన పిల్లకు పుస్తకంలో చెప్పాలి. నీకు బెరడు చూస్తే తెలుస్తుంది. ఒకటి మొసలి చర్మంలా పగుళ్ళు తేలి ఉంటుంది, వాగు ఒడ్డున నిలబడే రెండోది తెల్లగా నున్నగా ఉంటుంది. తునికి, ఇప్ప, తిరుమాను, మోదుగ, సారపప్పు చెట్టు, నల్లజీడి చిన్నప్పటినుంచీ చూస్తున్నవే. మీ ఊళ్ళో పెద్దవాళ్ళకు, చెంచు కుటుంబాలకు వీటికి వేరే పేర్లు, వేరే వాడకాలు కూడా తెలుసు. అవన్నీ రాసిపెట్టుకో. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి పన్నెండేళ్ళు సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరం మొక్కల మీద పనిచేసినప్పుడు, బొమ్మలతో పాటు తెలుగు పేర్లను కూడా నమోదు చేసుకున్నాడు. ఊరి పేరు తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ఏ ఫ్లోరా (ఒక ప్రాంతపు మొక్కలను వివరించే పుస్తకం) తయారు కాలేదు. ఇవాళ గ్రామగ్రామానా ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు తయారు చేయాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద నిబంధన ఉంది. వాటిలో ఊరి పేరు పక్కన సరైన శాస్త్రీయనామం రాయగలిగినవాళ్ళు కావాలి.

పని ఎలా మొదలుపెట్టాలో ఒక్క మొక్కతో చెప్తాను. నువ్వు చేరే రోజులకు బతుకమ్మ దగ్గర పడుతుంది, ఎక్కడ చూసినా తంగేడు పూసి ఉంటుంది. ఏళ్ళ తరబడి బతుకమ్మలో పేర్చిన పువ్వే కదా, ఒక కొమ్మ తెచ్చుకుని చూడు. ఆకు కాడ మొదట్లో చెవుల్లా వెడల్పాటి పచ్చటి పత్రపుచ్ఛాలు రెండు కనిపిస్తాయి. చిన్నాకుల ప్రతి జతకూ మధ్యన కాడ మీద సన్నటి గ్రంథి నిలబడి ఉంటుంది, చేతి లెన్సుతో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఆ రెండూ చూస్తే చాలు, పువ్వు లేకపోయినా తంగేడని చెప్పొచ్చు. ఇక పువ్వు. రేకులు అయిదు, కేసరాలు పది. పైన ఉన్న మూడు మాత్రం పొట్టివి, పుప్పొడి లేనివి. మిగతావాటిలో పరాగకోశం (పుప్పొడి సంచి) నిలువునా చీలదు, కొసన చిన్న రంధ్రం ఉంటుంది. తేనె ఉండదు. నల్ల తుమ్మెద వచ్చి పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిలిస్తే, ఉప్పుడబ్బా తలకిందులు చేసి కుదిపినట్టు పుప్పొడి రాలుతుంది. అండాశయం నిలువుగా చీలిస్తే ఒకటే గది, ఒక అంచు వెంట వరసగా అండాలు. ఇదంతా నీ చేత్తో చూశాక గ్యాంబుల్ 1915లో మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా తీసి, ఒక్కో లక్షణం పోల్చుకుంటూ పేరు దగ్గరికి చేర్చే పట్టిక ఉంటుంది, దాన్నే కీ అంటారు, ఆ కీ వెంట వెళ్ళు. మొదటిసారి ఒక సాయంత్రమంతా పడుతుంది, పడనీ. పాలమూరు అప్పట్లో నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి ఆ పుస్తకం పరిధిలోకి రాదు, కానీ మన దక్కన్ మొక్కలు చాలావరకు అందులో దొరుకుతాయి. తర్వాతి కాలంలో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి టి. పుల్లయ్యగారు, వారి బృందం చేసిన ఫ్లోరాలు మన జిల్లాలకు సూటిగా పనికొస్తాయి.

అక్కడే ఇంకో మెలిక నేర్చుకుంటావు. డిగ్రీలో తంగేడు, చింత, దేవకాంచనం మూడూ ఒకే గూటివని, తుమ్మ వేరే గూటిదని చదివావు. 2017లో చిక్కుడు కుటుంబాన్ని డీఎన్ఏ ఆధారంగా ఆరు ఉపకుటుంబాలుగా సర్దారు. ఇప్పుడు తుమ్మ వచ్చి తంగేడు పక్కన చేరింది, చింత ఒక ఉపకుటుంబానికి, దేవకాంచనం ఇంకోదానికి వెళ్ళిపోయాయి. పరీక్షలో మన సిలబస్ ఏది అడిగితే అది రాయి, పాత వర్గీకరణ అయిన బెంథామ్ హుకర్ పద్ధతి అంటే బెంథామ్ హుకరే. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఈ కొత్త సర్దుబాటు తెలిసిన పిల్ల వేరుగా కనిపిస్తుంది.

హెర్బేరియం రికార్డు (మొక్కలను ఎండబెట్టి అంటించిన షీట్లు) కొనుక్కోకు. అవును, అమ్ముతారు. నీ షీట్లు నువ్వే చెయ్. పువ్వో కాయో లేని కొమ్మ తెంపి లాభం లేదు. పాత పేపర్ల మధ్య పెట్టి బరువు పెట్టాక మొదటి కొన్ని రోజులు రోజూ పేపర్లు మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. ఎండాక పువ్వు రంగు పోతుంది కాబట్టి తెంపిన చోటే రంగు రాసుకో. ఊరు, తేదీ, మొక్క ఎత్తు, నేల ఎలాంటిది, స్థానిక పేరు, నీ వరుస సంఖ్య కూడా అప్పుడే రాయాలి. షీటు దాదాపు 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు, లేబుల్ కింద కుడి మూలన. ఒక్క జాగ్రత్త, సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు అడవిలోకి వెళ్ళి కోయకు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా ఆకు తెంపినా కేసవుతుంది. చేనుగట్లు, చెరువు కట్ట, బాట పక్కన ఉన్నవే ఏడాదికి సరిపడా పని. పేరు తేలనివి హైదరాబాద్‌లోనే ఉన్న భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రం హెర్బేరియంలో పోల్చి చూసుకోవచ్చు, డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తరం తీసుకెళ్ళు. ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు చివర్లో సరిచూసుకోవడానికి పనికొస్తాయి. మొదటే వాటిని అడిగితే కన్ను తయారవదు.

ఇంగ్లీషు సంగతి. క్లాసు నడిచేది ఇంగ్లీషులోనే. మొదటి నెల కష్టంగా ఉంటుంది, దాచను. కానీ బోటనీ పదాలు లాటిన్, గ్రీకు నుంచి వచ్చినవి, కాన్వెంటు పిల్లకూ కొత్తే. స్టిప్యూల్ అంటే పత్రపుచ్ఛమని నీకు తెలుసు, ఆ పిల్లకు ఏ పేరుతోనూ తెలియకపోవచ్చు. తెలుగు అకాడమీ పుస్తకాలు ఇంట్లో ఉంటే పారేయకుండా తెచ్చుకో. నోట్‌బుక్‌లో ఒకవైపు తెలుగు పదం, ఎదురుగా ఇంగ్లీషు పదం రాస్తూ వెళ్ళు. రోజూ ఒక పేజీ జవాబు సొంతంగా రాయి, తప్పులున్నా రాయి. బొమ్మ బాగా గీసి భాగాలకు పేర్లు పెట్టడానికి గ్రామర్ అక్కర్లేదు, మార్కులు మాత్రం వస్తాయి.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. పట్టా చూసి పిలిచి ఇచ్చే ఉద్యోగం బోటనీకి లేదు. జూనియర్ లెక్చరర్ పోస్టు ఉంది, గురుకులాలు కాకుండా ప్రభుత్వ ఇంటర్ కాలేజీలకైతే పీజీ ఉంటే చాలు. కానీ 2022 డిసెంబరులో వచ్చిన నోటిఫికేషన్‌లో అన్ని సబ్జెక్టులకూ కలిపి 1392 పోస్టులు, వాటికి నియామక పత్రాలు అందేసరికి 2025 వచ్చింది. దాని ఒక్కదాని కోసం ఖాళీగా కూర్చోకూడదని చెప్పడానికే ఈ లెక్క. డిగ్రీ కాలేజీకి పీజీలో 55 శాతంతో పాటు నెట్ గానీ సెట్ గానీ (లెక్చరర్ అర్హత పరీక్షలు), లేదంటే పీహెచ్‌డీ కావాలి. రిజర్వేషన్ ఉంటే మార్కుల్లో సడలింపు ఉంటుంది. రాష్ట్ర సెట్ నిర్వహించేది ఉస్మానియానే.

సీఎస్ఐఆర్ నెట్ మీద రెండో ఏడాది మొదటినుంచీ కన్నేసి ఉంచు. లైఫ్ సైన్సెస్ పేపరు 200 మార్కులకు, మూడు గంటలు. అందులో పార్ట్ సి ప్రశ్నలు ఒక్కోటి నాలుగు మార్కులు, 75 ఇచ్చి 25 రాయమంటారు, తప్పు రాస్తే నాలుగో వంతు కోత. సిలబస్ 13 యూనిట్లు. మొక్కలకు సూటిగా సంబంధించినవి కొన్నే, మిగతాదంతా కణం, జన్యువు, జీవరసాయనం, పరిణామం, ఆవరణం. మనవాళ్ళు చాలామంది అక్కడే బోల్తా పడతారు. ట్యాక్సానమీ చుట్టూ చదువు కట్టుకో అన్నానని ఇవి వదిలేస్తే కుదరదు. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు ఫెలోషిప్. మీ నాన్నకు భారం కాకుండా పీహెచ్‌డీ చేయొచ్చు. గేట్‌లో లైఫ్ సైన్సెస్ పేపరు రాస్తే కెమిస్ట్రీ తప్పనిసరి, మిగతా విభాగాల్లో బోటనీని ఎంచుకోవచ్చు. బీజడ్‌సీ చదివావు కదా, కెమిస్ట్రీ నీకు కొత్త కాదు.

అటవీ శాఖ గురించి మీ ప్రాంతంలో నీకే బాగా తెలిసుంటుంది. బోటనీ డిగ్రీతో రేంజ్ ఆఫీసర్ పరీక్ష రాయొచ్చు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కూ అర్హత ఉంటుంది, బోటనీ ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. ఇవి కాక చాలామందికి తెలియని దారి ఒకటుంది. గని తవ్వాలన్నా, పెద్ద ప్రాజెక్టు కట్టాలన్నా పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక కావాలి. ఆ పనిచేసే కన్సల్టెన్సీలకు గుర్తింపు రావాలంటే ఆవరణం, జీవవైవిధ్యం విభాగంలో నిపుణులుండాలి. అక్కడ మొక్కల జాబితా తయారుచేయాల్సింది ఫీల్డులో తిరిగి గుర్తుపట్టగలిగినవాళ్ళే. జీతాలు మొదట్లో అంత గొప్పగా ఉండవు, తిరుగుడు ఎక్కువ. కానీ ఖాళీగా ఉండే పని కాదు.

ఇంత చెప్పాక ఒక అనుమానం కూడా బయటపెట్టాలి. నీట్ రాలేదు కాబట్టి బోటనీ అన్నట్టుగా ఉంది నీ ఉత్తరం. అందులో తప్పులేదు, చాలామంది అలాగే వస్తారు. కానీ మొక్క పట్ల నీకు కాస్తయినా కుతూహలం ఉందో లేదో చేరేలోపు తేల్చుకో. ఈ వారం మీ చేనుగట్టున కుప్పింటాకు, నానబాలు, తుమ్మి, ఉత్తరేణి, వెంపలి, ఏవైనా అయిదు తెచ్చి పువ్వులు విప్పి చూడు, బొమ్మలు గీయి. నానబాలులో పువ్వనుకున్నది పువ్వు కాదు, చిన్న గిన్నెలో సర్దుకున్న పుష్పగుచ్ఛమని చూసినప్పుడు ఇంకోటి విప్పాలనిపిస్తే ఏ దిగులూ లేకుండా బండెక్కు. రెండో రోజుకే విసుగొచ్చి, అయిదూ పూర్తి చేయడం శిక్షలా అనిపిస్తే మాత్రం మామయ్య మాట విను. అందులో చిన్నతనమేమీ లేదు, మంచి బయాలజీ టీచర్ కావడం తక్కువ పనేం కాదు.

ఇక చేరడానికి కావాల్సినవి. నీది రెగ్యులర్ సీటో, సెల్ఫ్ ఫైనాన్స్ సీటో అలాట్‌మెంట్ లెటర్‌లో చూసుకో, ఫీజు తేడా పెద్దదే ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీసేవలో ఇప్పుడే తాజాగా తీయించు, చివరి రోజుల్లో సర్వర్ పనిచేయదు. హాస్టల్‌కు చేరిన రోజే దరఖాస్తు పెట్టు. మొదట్లో గది ఇరుకుగా ఉంటుంది, సర్దుకోవాలి. మీ జిల్లా కాలేజీలు పాలమూరు యూనివర్సిటీ కిందికి వస్తాయి కాబట్టి టీసీతో పాటు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. దానికి మహబూబ్‌నగర్ వెళ్ళిరావాలేమో కనుక్కుని, సోమవారమే ఆ పని మొదలుపెట్టు.